సంతకం పెట్టే ముందు: ఊరి విమానాశ్రయం పక్కన ఇల్లు కొనుక్కున్న మన వాళ్లకు ఒక బహిరంగ లేఖ

అమెరికాలో చిన్న విమానాశ్రయాల చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న తెలుగు వాళ్లందరికీ,

నమస్కారం.

ఈమధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు విన్నపాలు చక్కర్లు కొడుతున్నాయి. ఇళ్ల మీదుగా పొద్దస్తమానం విమానాలు తిరుగుతున్నాయి కాబట్టి ఊరి విమానాశ్రయాన్ని మూసేయాలని ఒకటి. దాన్నే పెంచి పెద్ద విమానాలు దింపితే ఇళ్ల రేట్లు పెరుగుతాయి కాబట్టి కౌన్సిల్ వెంటనే ఒప్పుకోవాలని ఇంకొకటి. రెండిటి కిందా సంతకాలు చూశాను. కొన్ని పేర్లు రెండు చోట్లా ఉన్నాయి! లింకు వచ్చింది, నొక్కేశాం, పనైపోయింది.

ఎవర్నీ తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ మూసేయాలన్న విన్నపంలో "శాంటా మోనికా వాళ్లు ఉద్యమం చేసి మూయించుకున్నారు, మనవల్ల ఎందుకు కాదు?" అని ఒక మాట ఉంది. నేనుండేది ఆ శాంటా మోనికా విమానాశ్రయం దగ్గర్లోనే, కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ పక్కన. 2028 డిసెంబరు 31 దాటాక దాన్ని మూసేసే హక్కు ఆ ఊరికి వచ్చిన మాట నిజం. ఉద్యమం జరిగిన మాటా నిజం. కానీ ఆ హక్కు ఊరేగింపులతో రాలేదు. ఏ సంవత్సరంలో ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారన్న దాన్ని బట్టి వచ్చింది. అంతకుముందు దశాబ్దాల తరబడి రాకపోవడానికీ అలాంటి సంతకాలే కారణం. మీ ఊళ్లో విమానాశ్రయం ఉండాలో పోవాలో నేను చెప్పను, అది మీ ఊరి సంగతి. కాగితాలు చదవకుండా ఏ పక్షానా చేరకండని మాత్రం అడుగుతున్నాను.

ముందు ఒక విషయం. మనకి ఇండియాలో విమానాశ్రయమంటే కేంద్ర ప్రభుత్వానిదో, శంషాబాద్ లాగా ప్రైవేటు కంపెనీదో. మున్సిపాలిటీకి సొంత విమానాశ్రయం ఉండటం మనకి అలవాటు లేదు. ఇక్కడ అలా కాదు. ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు దేశంలో 5 వేల దాకా ఉంటే, టికెట్ కొని ఎక్కే విమానాలు వచ్చేవి అందులో 500 లోపే. మిగతావన్నీ చిన్నవి. చాలా వాటికి యజమాని ఊరి నగరపాలక సంస్థో, కౌంటీయో. మన పార్కులు, నీళ్ల ట్యాంకులు, లైబ్రరీలు చూసే కౌన్సిలే రన్‌వేని కూడా చూస్తుంది. అందుకని, "ఊరిదే కదా, ఊరు అనుకుంటే మూసేయొచ్చు కదా" అన్న ఊహ సహజంగానే వస్తుంది. శాంటా మోనికా కౌన్సిల్‌కి కూడా అదే ఊహ వచ్చింది, 1981లో.

ఆ విమానాశ్రయం పుట్టుక చెప్తాను. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అదొక బార్లీ పొలం, అక్కడ విమానాలు దించేవాళ్లు. 1923లో దానికి క్లోవర్ ఫీల్డ్ అని పేరు పెట్టారు. ఆ యుద్ధంలో ఫ్రాన్స్‌లో చనిపోయిన గ్రేయర్ క్లోవర్ అనే యువ పైలట్ పేరది. 1926లో ఊరి ఓటర్లు పార్కుల కోసం బాండుకు (అంటే నగరం తీసుకునే అప్పుకు) ఒప్పుకుంటే ఆ డబ్బుతో నగరం ఆ స్థలం కొంది. పార్కు డబ్బుతో కొన్న విమానాశ్రయం నూరేళ్ల తర్వాత మళ్లీ పార్కు కావాలా అన్న చర్చలో ఇప్పుడు ఈ ముక్క తరచూ వినపడుతుంది.

డొనాల్డ్ డగ్లస్ పేరు విని ఉంటారు. 1920ల మొదట్లో పీకో బూలవార్డ్‌లో ఒక మంగలి షాపు వెనక గదిలో విమానాల కంపెనీ మొదలుపెట్టి, తర్వాత శాంటా మోనికాలో ఒక పాత సినిమా స్టూడియోకి మారాడు. ఆయన కట్టిన నాలుగు వరల్డ్ క్రూయిజర్ విమానాలు 1924 మార్చి 17న క్లోవర్ ఫీల్డ్ నుంచి లేచి సియాటిల్ వెళ్లి, అక్కడి నుంచి భూగోళం చుట్టి రావడానికి బయల్దేరాయి. ఒకటి అలాస్కాలో కొండను గుద్దుకుంది. మిగతా మూడూ కలకత్తాలో దిగి, నీళ్ల మీద తేలే తెప్పలు విప్పేసి చక్రాలు బిగించుకుని, అలహాబాదు, అంబాలా, ముల్తాన్, కరాచీల మీదుగా పడమటికి పోయాయి. ఇంకొకటి అట్లాంటిక్‌లో మునిగింది. చివరికి రెండు విమానాలు, షికాగో, న్యూ ఆర్లియన్స్ అనేవి, 175 రోజులకి తిరిగొచ్చాయి. విమానంలో భూమి చుట్టి రావడం లోకంలో అదే మొదలు. 1929లో ఆడవాళ్లకు మాత్రమే పెట్టిన మొదటి సుదీర్ఘ విమాన పందెం కూడా ఇక్కడి నుంచే మొదలైంది. క్లీవ్‌లాండ్ దాకా. అమీలియా ఇయర్‌హార్ట్ పాల్గొంది, గెలిచింది మాత్రం లూయీస్ థేడెన్.

1935 డిసెంబరు 17న డగ్లస్ వాళ్ల డీసీ-3 విమానం మొదటిసారి లేచింది ఈ నేల మీద నుంచే. మన పెద్దవాళ్ల నోట డకోటా అన్న మాట వినే ఉంటారు, అది ఇదే. దాని అన్ని రకాలూ కలిపి 10 వేలకు పైగా తయారయ్యాయి. ఎక్కువ భాగం లాంగ్ బీచ్‌లోనూ ఓక్లహోమాలోనూ కట్టినవే అయినా డిజైన్ పుట్టింది ఇక్కడ. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి ఆ డకోటాలే. 1953లో ఆ కంపెనీని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. ఇవాళ ఇక్కడి సంఘాల వాళ్లు "ఈ విమానాశ్రయంతో మీకేం సంబంధం?" అని నన్నడిగితే చెప్పడానికి ఇదొకటి ఉంచుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో డగ్లస్ కార్ఖానాలో పనిచేసేవాళ్లు వేలకు వేలు. జపాన్ వాళ్లు బాంబులేస్తారన్న భయంతో కార్ఖానా మొత్తం మీద కోళ్ల గూళ్లకు వాడే వైరు మెష్ పరిచి, గోనెగుడ్డ కప్పి, దాని మీద ఉత్తుత్తి ఇళ్లు, చెట్లు, వీధులు పేర్చారు. హాలీవుడ్ సెట్టింగుల వాళ్లు సాయం చేశారు. పైనుంచి చూస్తే ఒక మామూలు కాలనీ. కింద రాత్రింబవళ్లు విమానాలు తయారవుతున్నాయి. ఆ పనివాళ్ల కోసం చుట్టూ కట్టిన అసలు కాలనీ పేరు సన్‌సెట్ పార్క్. ఈరోజు విమానాల రొద మీద ఎక్కువ ఫిర్యాదులు వచ్చే వీధుల్లో అదీ ఒకటి. విమానాలు కట్టేవాళ్ల కోసం కట్టిన ఇళ్లలో ఇప్పుడు విమానాలు గిట్టని వాళ్లున్నారు. నవ్వొస్తుంది గానీ, వాళ్ల బాధ అబద్ధం కాదు.

ఇక సంతకాల కథ. యుద్ధంలో కేంద్ర ప్రభుత్వం విమానాశ్రయాన్ని లీజుకు తీసుకుని, రన్‌వేలు బాగుచేసి, 1948లో తిరిగి ఊరికి అప్పగించింది. అప్పగింత పత్రంలో ఒక షరతు రాసింది: దీన్ని ఎప్పటికీ విమానాశ్రయంగానే ఉంచాలి, లేదంటే హక్కు మళ్లీ కేంద్రానికి పోతుంది. అప్పుడు ఊళ్లో ఎవరికీ అది షరతులా అనిపించి ఉండదు. డగ్లస్ ఉంది, ఉద్యోగాలున్నాయి, విమానాశ్రయం లేకుండా శాంటా మోనికా ఏంటి?

పదేళ్లు తిరిగేసరికి గాలి మారింది. డీసీ-8 జెట్‌కి పొడుగు రన్‌వే కావాలని డగ్లస్ అడిగితే, ఇళ్లు పడగొట్టడానికి ఊరు ఒప్పుకోలేదు. ఆ పని లాంగ్ బీచ్‌కి పోయింది. 1975 నాటికి శాంటా మోనికాలో కార్ఖానా మూతపడింది. కంపెనీ పోయింది, రన్‌వే మిగిలింది, దాని మీదకి 60ల్లోనే ధనవంతుల జెట్‌లు వచ్చి చేరాయి. నగరం జెట్‌లని నిషేధించింది. 1979లో కోర్టు ఆ నిషేధం చెల్లదంది. కానీ రాత్రి కర్ఫ్యూ, శనాదివారాల్లో టచ్ అండ్ గో (చక్రాలు నేలకి తగలగానే మళ్లీ లేచిపోయే) సాధన మీద నిషేధం, శబ్దానికి ఒక హద్దు పెట్టడం, ఇవి చెల్లుతాయంది. ఈ తీర్పు గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

1981లో కౌన్సిల్ మూసేస్తామని తీర్మానించింది. ఎఫ్‌ఏఏ అంటే ఇక్కడి కేంద్ర విమానయాన శాఖ. అది 1948 పత్రం చూపించింది. మూడేళ్లు బేరాలాడి 1984లో ఒక ఒప్పందం రాసుకున్నారు: 2015 జూలై 1 దాకా విమానాశ్రయాన్ని నడపాలి. శబ్దం 95 డెసిబెల్స్ దాటకూడదు. ఊరు హమ్మయ్య అనుకుంది. ముప్పై ఏళ్లేగా!

ఇక్కడ కాస్త ఆగాలి, మీ ఊరికి పనికొచ్చే ముక్క ఇదే కాబట్టి. చిన్న విమానాశ్రయాలకి రన్‌వే బాగుచేయడానికీ, లైట్లు వేయడానికీ, కంచె కట్టడానికీ కేంద్రం గ్రాంటు ఇస్తుంది. మామూలుగా ఖర్చులో 90 శాతం దాకా. డబ్బు ఎక్కడిదంటే విమాన టికెట్ల మీద, ఇంధనం మీద వేసే పన్నులు. మీరు హైదరాబాదుకి టికెట్ కొన్నప్పుడు పోయే పన్ను కూడా ఆ ఖాతాలో పడుతుంది. గ్రాంటు తీసుకునేటప్పుడు ఊరు కొన్ని హామీలు రాసిస్తుంది. విమానాశ్రయాన్ని తెరిచి ఉంచుతాం, ఏ రకం విమానాన్నీ అన్యాయంగా అడ్డుకోం, విమానాశ్రయం మీద వచ్చే ఆదాయం విమానాశ్రయానికే ఖర్చుపెడతాం అని. కట్టడాలకి, మరమ్మతులకి ఇచ్చే గ్రాంటు హామీ మామూలుగా 20 ఏళ్లు ఉంటుంది. గ్రాంటు డబ్బుతో భూమి కొంటే ఆ హామీకి గడువే లేదు.

శాంటా మోనికా 1994లో ఒక గ్రాంటు తీసుకుంది. 2003లో దానికే కొసరుగా మరో 2 లక్షల 40 వేల డాలర్లు తీసుకుంది. ఆ ఊళ్లో అప్పటికే అంత డబ్బుకి ఒక మామూలు ఇల్లు రాదు. 2015 దగ్గరపడి ఊరు పార్కు బొమ్మలు గీసుకుంటున్న వేళ, ఆ కొసరు డబ్బుతో 20 ఏళ్ల లెక్క మళ్లీ మొదలైంది కాబట్టి 2023 దాకా నడపాల్సిందేనని ఎఫ్‌ఏఏ తేల్చింది. 2003లో ఆ అంశం కౌన్సిల్ ముందుకు వచ్చిన రాత్రి ఎవరైనా లేచి "ఈ డబ్బు తీసుకుంటే గడువు ఎన్నేళ్లు పెరుగుతుంది?" అని అడిగి ఉంటే ఏమయ్యేదో! మీ కౌన్సిల్ ఎజెండాల్లో ఇలాంటి గ్రాంట్లు చర్చ లేకుండా గంపగుత్తగా ఆమోదించే అంశాల జాబితాలో వస్తాయి. "రన్‌వే మరమ్మతుకు కేంద్ర గ్రాంటు స్వీకరణ" అని ఒక్క లైను ఉంటుంది. ఎవరూ చదవరు.

మధ్యలో ఊరు చేసిన ప్రయత్నాలు చాలా ఉన్నాయి, త్వరగా చెప్తాను. వేగంగా దిగే పెద్ద జెట్‌లని 2008లో నిషేధించింది. ఎఫ్‌ఏఏ అడ్డుకుంది, 2011లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఎఫ్‌ఏఏ వైపే తీర్పిచ్చింది. 2013లో నేల మాదేనని తేల్చమని ఊరు కోర్టుకెక్కింది. "1948 షరతు మీకు అప్పటినుంచీ తెలుసు, దావా వేయడానికి 12 ఏళ్లే గడువు" అని కింది కోర్టు కొట్టేసింది. 2016లో పై కోర్టు ఆ కేసుకి మళ్లీ ప్రాణం పోసింది. ఈ లోపల 2014 ఎన్నికల్లో రెండు ప్రతిపాదనలు ఓటుకొచ్చాయి. విమానాల వాళ్ల తరపున వచ్చింది ఓడిపోయింది. కౌన్సిల్ పెట్టింది గెలిచింది: విమానాశ్రయం మూతపడితే ఆ నేలని పార్కులకీ, ఆటస్థలాలకీ, ఖాళీ జాగాలకీ తప్ప వేరే పనికి వాడాలంటే ఓటర్ల అనుమతి ఉండాలని.

అదే 2013 సెప్టెంబరులో ఒక బిజినెస్ జెట్ దిగాక రన్‌వే పక్కకి తప్పిపోయి హ్యాంగర్‌ని, అంటే విమానాలు నిలిపే షెడ్డుని, గుద్దుకుంది. కప్పు కూలి నలుగురు చనిపోయారు. ఆ తర్వాత రొద మాట కాస్త వెనక్కి వెళ్లి, రన్‌వే చివర ఖాళీ జాగా లేకపోవడం ముందుకొచ్చింది. రన్‌వే కొసకీ ఇళ్లకీ మధ్య దూరం వందల అడుగుల్లోనే.

చివరికి 2017 జనవరిలో ఇరుపక్షాలూ కోర్టు ముందు రాజీపడ్డాయి. రన్‌వేని 4,973 అడుగుల నుంచి 3,500 అడుగులకి కుదించుకోవచ్చు, 2028 చివరి దాకా నడపాలి, ఆ తర్వాత ఊరి ఇష్టం. కౌన్సిల్‌లో 4-3 ఓట్లతో గట్టెక్కింది. వెంటనే మూసేయాలన్న వాళ్లకి అది ద్రోహంలా అనిపించింది, పైలట్లకి కూడా ద్రోహంలాగే అనిపించింది. ఆ ఏడాది డిసెంబరుకల్లా రెండు కొసల్లోనూ రన్‌వే తగ్గించారు. పెద్ద జెట్‌లు చాలావరకు రావడం మానేశాయి. నా మటుకు నాకు ఇది మంచి రాజీ అనిపిస్తుంది. ఊరి వాళ్ల భద్రత ముందు చూసి, మూసివేతకి తేదీ పెట్టుకుని, కోర్టుల్లో అనిశ్చితి లేకుండా చేసుకున్నారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, "ఉద్యమం చేసి మూయించారు" అన్న ఒక్క వాక్యం వెనక 1948, 1979, 1984, 2003, 2017 అని ఇన్ని కాగితాలున్నాయి. మీ ఊరి కాగితాలు వేరేగా ఉంటాయి. కొలరాడోలో బౌల్డర్ నగరం తన విమానాశ్రయం మూసేసుకునే హక్కు తేల్చమని 2024లో కేంద్రం మీద దావా వేయాల్సి వచ్చింది. వాళ్ల గొడవలో ముఖ్యమైనది గ్రాంటు డబ్బుతో కొన్న భూమే.

కాగితాల్ని పక్కన పెట్టి దారి కనిపెట్టిన వాళ్లూ లేకపోలేదు. షికాగోలో సరస్సు ఒడ్డున మెగ్స్ ఫీల్డ్ అని చిన్న విమానాశ్రయం ఉండేది, అది కూడా నగరానిదే. తొంభైల్లో కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఆడిన వాళ్లకి బాగా తెలుసు, ఆట తెరవగానే ఆ రన్‌వే మీదే ఉండేవాళ్లం. 2003 మార్చి చివర ఒక రాత్రి మేయర్ డేలీ బుల్డోజర్లు పంపించి రన్‌వే మీద పెద్ద పెద్ద గుంటలు తవ్వించేశాడు. తెల్లారేసరికి అక్కడ నిలిపి ఉన్న విమానాలు ఇరుక్కుపోయాయి, తర్వాత వాటిని ట్యాక్సీవే (రన్‌వేకి వెళ్లే పక్క దారి) మీద నుంచి లేపుకుపోయారు. నగరం 33 వేల డాలర్ల జరిమానా కట్టింది, 10 లక్షల డాలర్ల గ్రాంటు వెనక్కి ఇచ్చింది. ఇప్పుడక్కడ పార్కుంది. మేయర్ గెలిచినట్టే కదా అనిపించొచ్చు. కానీ ఆ దెబ్బతో కాంగ్రెస్ చట్టం మార్చి, నోటీసు లేకుండా మూసేస్తే రోజుకింత అని జరిమానా బాగా పెంచేసింది. ఆ దారి ఇప్పుడు మీకు లేదు.

రోజూ ఈ విమానాశ్రయాలు ఎలా నడుస్తాయో కూడా కొంచెం తెలుసుకుంటే మంచిది. ఎవరి దగ్గరికెళ్లి అడగాలో తెలియకే మన వాళ్ల సగం ఫిర్యాదులు వృథా అవుతున్నాయి.

నేల ఊరిది, ఆకాశం కేంద్రానిది. టవర్‌లో కూర్చుని "దిగు, లే" అని చెప్పేది, శాంటా మోనికాలో అయితే, ఎఫ్‌ఏఏ ఉద్యోగులు. విమానం మీ ఇంటి మీదుగా తిరగాలా పక్క వీధి మీదుగా తిరగాలా అన్నది కౌన్సిల్ చేతుల్లో లేదు. మేయర్‌కి ఈమెయిల్ రాసి లాభం లేదు. రన్‌వే గతుకులు, హ్యాంగర్ల అద్దె, ఇంధనం అమ్మేవాడి లీజు, దిగినందుకు వసూలు చేసే రుసుము, ఇవి ఊరివి. శాంటా మోనికాలో 2013 నుంచి దిగిన ప్రతి విమానం దగ్గరా వెయ్యి పౌన్ల బరువుకి 5 డాలర్ల 48 సెంట్లు వసూలు చేయడం మొదలుపెట్టారు, ఊళ్లో విమానాల దగ్గర కూడా. ఒక్కసారి లేచి దిగడానికి పెద్ద మొత్తం కాదు. కానీ ఒకే పూట పదిసార్లు చక్కర్లు కొట్టి దిగే శిక్షణ విమానానికి బరువే.

రాత్రి 11 తర్వాత అక్కడ విమానం లేవకూడదు. మామూలు రోజుల్లో పొద్దున 7 దాకా, శనాదివారాల్లో 8 దాకా. రన్‌వే రెండు వైపులా మైకులు పెట్టి శబ్దం కొలుస్తారు, హద్దు దాటితే జరిమానా. "మా ఊళ్లో కూడా ఇలాంటి కర్ఫ్యూ పెట్టండి" అని చాలామంది అడుగుతుంటారు. పెట్టలేరు. 1990లో వచ్చిన కేంద్ర చట్టం అలాంటి కొత్త ఆంక్షలకి దాదాపు తలుపులు మూసేసింది. శాంటా మోనికావి అంతకుముందువి, కోర్టు 1979లోనే సరేనన్నవి కాబట్టి నిలిచాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న తీర్పు ఇదే.

నిరుడు మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నప్పుడు, పెరట్లో బట్టలారేస్తూ "ఇదేం ఊరే, ఇంటి మీద నుంచి షేర్ ఆటోలు పోయినట్టు విమానాలు పోతున్నాయి" అంది. ఆదివారం ఆమెని విమానాశ్రయం చూసే మేడ మీదకి తీసుకెళ్లాను. సెస్నా అనే చిన్న విమానమొకటి రన్‌వే అంచుకి వచ్చి ఆగింది. ఇంజను గట్టిగా తిప్పి, ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోల్ని ఒక్కోటీ ఆపి మళ్లీ వేసి, రెక్కల చివర కదిలే పలకల్ని అటూ ఇటూ ఆడించి చూసుకుంది. లోపల కుడి సీట్లో నేర్పించేవాడు, ఎడమ సీట్లో జడ వేసుకున్న అమ్మాయి. రెండు నిమిషాలు ఎదురుచూసి లేచిపోయింది. అత్తగారు చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత "పాపం, నేర్చుకోవద్దూ" అని ఊరుకుంది. ఇంటికొచ్చాక మళ్లీ విసుక్కుంది, అది వేరే సంగతి.

రెండు వైపులా నిజం ఉంది. ఎయిర్‌లైన్ పైలట్ అయ్యే పిల్లలు ముందు నేర్చుకునేది ఇలాంటి చోట్లే, ఇండియా నుంచి వచ్చి శిక్షణ తీసుకునే మన పిల్లలు కూడా. దూరపు ఊళ్ల రోగుల్ని ఆసుపత్రులకి ఉచితంగా చేర్చే ఏంజెల్ ఫ్లైట్ వెస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఆఫీసు ఈ శాంటా మోనికా విమానాశ్రయంలోనే ఉంది. రన్‌వే పోతే ఇవన్నీ పక్క ఊరికి పోవాలి, ఆ పక్క ఊళ్లో కూడా మన వాళ్ల ఇళ్లున్నాయి.

ఇంకో పక్క సీసం, అంటే లెడ్. దీని మీద నాకు రాజీ లేదు. కార్ల పెట్రోల్లోంచి సీసాన్ని అమెరికాలో 1996కల్లా, మన దేశంలో 2000కల్లా తీసేశారు. చిన్న పిస్టన్ విమానాల ఇంధనంలో ఇప్పటికీ ఉంది, లీటరుకి అర గ్రాముకి పైచిలుకు దాకా. జెట్‌లలో ఉండదు. అంటే గొంతు చించుకునే జెట్‌లో లేని విషం, ముద్దుగా కనిపించే సెస్నాలో ఉంది. శాన్ హోసేలో మన వాళ్లు చాలామంది ఉండే చోట రీడ్ హిల్‌వ్యూ అని కౌంటీ విమానాశ్రయం ఉంది. దానికి అర మైలు లోపు పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని కౌంటీ చేయించిన అధ్యయనం 2021లో బయటపెట్టింది. 2022 జనవరి నుంచి కౌంటీ అక్కడ సీసం ఇంధనం అమ్మకం ఆపేసింది. ఈ ఇంధనం ప్రజారోగ్యానికి ప్రమాదకరమని 2023లో కేంద్ర పర్యావరణ సంస్థ కూడా తేల్చింది. అయితే 2024 చట్టం ప్రకారం, 2022లో ఆ ఇంధనం అమ్మిన విమానాశ్రయాలు 2030 దాకానో, సరిపడే సీసం లేని ఇంధనం అందుబాటులోకి వచ్చేదాకానో అమ్మకం ఆపకూడదు. కాబట్టి "అమ్మడం ఆపండి" అని అడిగే బదులు, "సీసం లేని ఇంధనం తెప్పించండి, మొదట్లో ధరలో తేడా మీరు భరించండి" అని అడగండి. అది ఊరు చేయగలిగిన పని.

టెక్సాస్‌లో ఉన్న వాళ్లకి ఒక మాట. 2023 మేలో మెకిన్నీ ఓటర్లు తమ ఊరి విమానాశ్రయంలో ప్రయాణికుల టెర్మినల్ కోసం అడిగిన 20 కోట్ల డాలర్ల బాండుని తిరస్కరించారు. మన గ్రూపుల్లో పండగ చేసుకున్నారు, అయిపోయిందనుకున్నారు. నగరం వేరే దారుల్లో డబ్బు చూసుకుని 2025లో టెర్మినల్ పని మొదలుపెట్టింది. ఓటర్లు కాదన్నది అప్పుని. విమానాశ్రయం కాగితం వేరే బల్ల మీద ఉంది.

ఇది అమెరికా వింత కూడా కాదు. మన శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం ఉండకూడదన్న షరతు ఉండబట్టి వరంగల్ మామునూరు ఎన్నేళ్లు ఆగిందో అందరికీ తెలుసు. ఎమ్మెల్యేలు మారారు, ప్రభుత్వాలు మారాయి, కంపెనీ అభ్యంతరం లేదన్నాకే 2025లో కదిలింది.

మీ దగ్గర కూడా ఒక కాగితం ఉంది, అది ముందు తీయండి. కాలిఫోర్నియాలో అయితే, ఇల్లు కొన్నప్పుడు అమ్మినవాళ్లు ఇచ్చిన సహజ ప్రమాదాల పత్రంలో, వరదలు, భూకంపాల పేజీల మధ్య, "ఈ ఇల్లు విమానాశ్రయ ప్రభావ ప్రాంతంలో ఉంది" అని ఒక పేరా ఉంటుంది. రొద, కంపనం, వాసన ఉండొచ్చని అందులో రాసి ఉంటుంది. కింద పసుపు రంగు గడిలో మీ సంతకం. ఆ రోజు ఫోన్లోనే వంద పేజీలు తిప్పుతూ పెట్టేసి ఉంటారు. అది మీ నోరు కట్టేయదు, భయపడకండి. కానీ కౌన్సిల్‌లో మీరు లేచి "మాకెవరూ చెప్పలేదు" అంటే అవతలి వాళ్లు తీసి చూపించేది అదే.

ఆ తర్వాత నగరం పత్రాలు చూసే అధికారికి, అంటే సిటీ క్లర్క్‌కి, రాయండి. ప్రభుత్వ పత్రాలు అడిగే హక్కు చాలా రాష్ట్రాల్లో ఎవరికైనా ఉంది, ఫీజు ఉన్నా మామూలుగా కొద్దిపాటిదే. చివరి కేంద్ర గ్రాంటు ఏ తేదీన తీసుకున్నారు, దేనికి? గ్రాంటు డబ్బుతో ఎప్పుడైనా భూమి కొన్నారా? 1940ల్లో కేంద్రం అప్పగించిన పత్రం ఏదైనా ఉందా? 1990కి ముందు పెట్టిన శబ్ద నియమాలేమైనా ఉన్నాయా? మాస్టర్ ప్లాన్‌లో రన్‌వే పొడుగు ఎంత రాశారు? వచ్చే రెండేళ్లలో ఏ గ్రాంట్లకి దరఖాస్తు పెట్టబోతున్నారు? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు మాత్రం వదలకండి. మూసేయాలన్నా, ఉంచాలన్నా, పెంచాలన్నా గడియారం తిరిగేది అక్కడి నుంచే. జవాబులొచ్చాక మీ గ్రూపులో పెట్టండి, లింకు కంటే ముందు.

ఇక్కడ శాంటా మోనికాలో ఇప్పుడు వాదన వేరే మలుపు తిరిగింది. 2028 తర్వాత ఆ 200కు పైగా ఎకరాల్లో మొత్తం పార్కేనా, కొంత జాగాలో ఇళ్లు కట్టాలా అని. ఇళ్ల కొరత చూస్తే కొంత జాగా ఇళ్లకి ఇవ్వాలనే నాకనిపిస్తుంది. కానీ అందుకు మళ్లీ ఓటర్ల దగ్గరికి పోవాలి, 2014 నిర్ణయం ఉంది కదా. ఈ వాదనలో మన వాళ్ల గొంతు నాకెక్కడా వినపడలేదు.

"మాకు ఓటు లేదు కదా, హెచ్-1బీ మీద ఉన్నాం" అంటారు చాలామంది. ఓటు లేని మాట నిజమే. కౌన్సిల్ సమావేశంలో ప్రజలు మాట్లాడే సమయంలో మాత్రం మైకు ముందు ఎవరైనా నిలబడొచ్చు. వీసా అడగరు. రెండు మూడు నిమిషాలిస్తారు, పేరు చీటీ ముందే ఇవ్వాలి. గ్రాంటు అంశం గంపగుత్త జాబితాలో ఉంటే, దాన్ని విడిగా చర్చకు తీయమని ఏ కౌన్సిల్ సభ్యుణ్ణయినా సమావేశానికి ముందు ఈమెయిల్లో అడగొచ్చు. ఒక్క సభ్యుడు ఒప్పుకుంటే చాలా ఊళ్లలో అది విడిగా చర్చకొస్తుంది. ఎజెండా సాధారణంగా సమావేశానికి కనీసం మూడు రోజుల ముందు నగరం వెబ్‌సైట్లో పెడతారు. అందులో "ఎయిర్‌పోర్ట్" అన్న మాట వెతకండి.

ఉంటాను,
శాంటా మోనికా దగ్గర్లో ఉండే మీ తెలుగు పొరుగు మనిషి